నునుపైన చెక్క, నిండైన చెయ్యి

(వడ్రంగం నేర్చుకునే పిల్లల శిక్షణ తరగతి ప్రారంభ సభలో చేసిన ప్రసంగ పాఠం)





ఈ ఏడాది మన సొసైటీ ఒక మంచి పని చేసింది. బడి మానేసిన పిల్లలకు, పది తప్పిన పిల్లలకు చేతిపని నేర్పాలని ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, అందులో ఒక యంత్రం పెట్టింది. దాన్ని పుస్తకాల్లో జాయింటర్ అంటారు. దుకాణంలో సర్ఫేస్ ప్లెయినర్ అంటారు. మన నంద్యాల షెడ్లలో రంధా మిషన్ అంటాం. ఈ యంత్రం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. సైన్సు పాఠాలు చెప్పే మాస్టరుకు రంధా మిషన్‌తో పనేమిటని మీకు అనిపించవచ్చు. మా అబ్బా వడ్రంగి. మా పెద్దన్న వడ్రంగి. నేను బీఎస్సీ, బీఈడీ చదివింది ఆ షెడ్డు సంపాదనతోనే. సెలవులొస్తే నేనూ అక్కడే పనిచేసేవాణ్ణి.

మొదట ఒక సంగతి చెప్పాలి. దీన్ని నేను ఇంతవరకు ఏ సభలోనూ చెప్పలేదు.

1988 వేసవి. రంజాన్ నెల. ఒక ఇంటి కిటికీల ఆర్డరు ఉంది. పండగలోపు ఇస్తామని అబ్బా మాటిచ్చాడు. కరెంటు వంతులవారీగా వచ్చేది. ఉన్నప్పుడే పని కావాలి. రెండు వారాలుగా బ్లేడ్లకు సాన పట్టలేదు. మొద్దుబారాయని అందరికీ తెలుసు. సాన పట్టించాలంటే ఒక పూట మిషన్ ఆపాలి. ఆ పూట మాకు దొరకలేదు. ఆ సాయంత్రం ఇఫ్తారుకు ఇంకా అరగంట ఉంది. ఎనిమిదేసి అంగుళాల చిన్న ముక్కలు నాలుగు మిగిలాయి. అన్న, "తమ్ముడూ, ఆ గార్డు రేకు అడ్డమొస్తోంది, తీసెయ్" అన్నాడు. నేను స్పానరు తెచ్చి తీసేశాను. మూడు ముక్కలు బాగానే పోయాయి. నాలుగో దానిలో ముడి ఉంది. మొద్దు బ్లేడు ఆ ముడిని కోయలేక తన్నింది. ముక్క వెనక్కి ఎగిరింది. ముక్క మీదున్న అన్న ఎడమచెయ్యి ఖాళీ అయిన చోట పడింది. చూపుడు వేలు, నడిమి వేలు, మొదటి కణుపు దాకా పోయాయి. ఆ కొనలు పొట్టులో కలిసిపోయాయి. వెతకాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. ఎవరో కాఫీపొడి తెచ్చి అద్దారు.

నేను దూరమైతే ఏమైపోతుందోనని అన్న ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ రేకు విప్పింది నేనే. అందుకే ఈ పిల్లలకు ఈ మిషన్ గురించి ఎవరో ఒకరు చెప్పాలన్నప్పుడు నేను కాదనలేకపోయాను.

ఆ ఒక్క సాయంత్రంలో మేం చేసిన తప్పులు లెక్కపెట్టండి. మొద్దు బ్లేడు, పొట్టి ముక్క, చూడని ముడి, తీసేసిన గార్డు, తోపుడు చెక్క లేకపోవడం, తొందర. ఈరోజు నేను చెప్పేదంతా ఈ ఆరింటి గురించే.

ముందు మిషన్ ఏం చేస్తుందో తెలుసుకుందాం. రెండు ఇనప బల్లలు ఉంటాయి. వాటి మధ్య సందులో ఒక గుండ్రటి దిమ్మ తిరుగుతుంది. దాన్ని కట్టర్ బ్లాకు అంటాం. అందులో బ్లేడ్లు బిగించి ఉంటాయి. చెక్కను మీరు ఒక బల్ల మీద పెట్టి తోస్తారు, అది కోత పడుతూ రెండో బల్ల మీదికి పోతుంది. నేను పిల్లలకు గుర్తుండేలా మొదటిదాన్ని ఇచ్చే బల్ల అని, రెండోదాన్ని పుచ్చుకునే బల్ల అని పేర్లు పెట్టాను. పుచ్చుకునే బల్ల, బ్లేడు అంచు ఎక్కువ ఎత్తుకు వచ్చే చోటు, ఈ రెండూ సరిగ్గా ఒకే మట్టంలో ఉండాలి. ఇచ్చే బల్ల మాత్రం ఎంత కోయాలో అంత కిందికి ఉంటుంది. మిషన్ కిటుకంతా ఇదే.

పుచ్చుకునే బల్ల ఎత్తుగా ఉంటే చెక్క కొస దాని అంచుకు తగులుతుంది, లేదా పైకెక్కి ఒక వైపు కోసుగా తెగుతుంది. తక్కువగా ఉంటే చెక్క చివరికొచ్చేసరికి దభీమని దిగి, ఆఖరి రెండంగుళాల్లో పల్లం పడుతుంది. ఈ రెండు గుర్తులూ చూసి బల్ల ఎటు జరపాలో మీరే చెప్పగలగాలి.

ఇప్పుడు చిన్న లెక్క. మాస్టరును కదా, లెక్క లేకుండా పాఠం చెప్పలేను. బ్లాకు నిమిషానికి 4500 చుట్లు తిరుగుతోందనుకోండి. మూడు బ్లేడ్లు ఉన్నాయి. నిమిషానికి 13500 కోతలు. సెకనుకు 225. మీరు చెక్కను నిమిషానికి ఆరు మీటర్ల వేగంతో తోస్తే ఒక్కో కోతకు చెక్క జరిగేది అర మిల్లీమీటరు కన్నా తక్కువ. ఆ అలలు కంటికి కనబడవు, చేతికి తగలవు. చెక్క నున్నగా ఉందంటాం. అదే మూడింట్లో ఒక బ్లేడు మిగతా రెంటికన్నా కాస్త ఎత్తుగా బిగిస్తే కోసేది అదొక్కటే. అప్పుడు అలకూ అలకూ మధ్య 1.3 మిల్లీమీటర్లు. వేలితో తడిమితే గీతలు తెలుస్తాయి. కోత గరుకుగా ఉంటే తప్పు చెక్కది కాదు, చాలాసార్లు బ్లేడు బిగింపుది.

అదే లెక్కలో ఇంకో సంగతి ఉంది. మనిషికి దెబ్బ తగిలిందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఇంచుమించు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ లోపల బ్లేడు 45 సార్లు తిరిగి వస్తుంది. "నాకు అలవాటే, నేను చెయ్యి లాగేస్తాను" అనేవాడికి ఈ లెక్క చెప్పండి. ఈ మిషన్ ముందు చురుకైన చేతులంటూ లేవు. జాగ్రత్తగా పెట్టిన చేతులు మాత్రమే ఉన్నాయి.

నునుపు వేరు, భద్రత వేరు అని చాలామంది అనుకుంటారు. భద్రత కోసం పని నెమ్మదిస్తుందని, నునుపు కోసం కాస్త తెగించాలని మేస్త్రీలు కూడా అంటారు. నా అనుభవంలో రెండూ ఒకే చోటినుంచి వస్తాయి. పదునైన బ్లేడు చెక్కను కోస్తుంది, చేతిని లాగదు. మొద్దు బ్లేడు చెక్కను కొడుతుంది. అప్పుడు మీరు బలంగా తోస్తారు. బలంగా తోసిన చెయ్యే జారి పడుతుంది. మంచి కోత వచ్చే మిషన్ మీద ప్రమాదం తక్కువ. ప్రమాదం తక్కువగా ఉండే పద్ధతిలో కోసిన చెక్కే నున్నగా ఉంటుంది.

చెక్కను మిషన్ మీద పెట్టేముందు మూడు చూడండి. మొదటిది మేకులు. మన ఊళ్లో పాత ఇళ్లు పడగొట్టి తెచ్చిన టేకు చాలా వస్తుంది. ఒక్క మేకు విరిగి ఉంటే మూడు బ్లేడ్లూ పోతాయి. రెండోది ముడులు. ఊగే ముడి ఉన్న చోటును కోసి పారేయండి, లేదా ఆ పలకను పక్కన పెట్టండి. మూడోది వంపు. పలక విల్లులా వంగి ఉంటే రెండు కొసలూ బల్లకు ఆని, నడుమ పైకి లేచి ఉండేట్టు పెట్టాలి. వీపు కిందికి పెడితే పలక ఊగుతుంది. ఊగే పలక ఎప్పటికీ చదును కాదు.

తర్వాత నార. చేపను తల నుంచి తోక వైపు నిమిరితే నున్నగా ఉంటుంది. తోక నుంచి తల వైపు నిమిరితే పొలుసు గుచ్చుకుంటుంది. చెక్క నార కూడా అంతే. పలక పక్కవైపు చూడండి. నార గీతలు మీ వైపుకు వస్తూ కిందికి దిగుతుండాలి. అంటే వెనక కొస దగ్గర గీతలు కింది ముఖాన్ని తాకాలి. అప్పుడు బ్లేడు నారను నిమిరినట్టు పోతుంది. తిరగబడితే చీలికలు లేస్తాయి. టేకులో ఈ దిశ సులువుగా తెలుస్తుంది. వేపలో నార అల్లుకుని ఉంటుంది. ఎటు తిప్పినా కొంత లేస్తుంది. అలాంటప్పుడు లోతు తగ్గించండి, తోపు నెమ్మది చేయండి. మామూలు పలకకు ఒకసారికి ఒక మిల్లీమీటరు చాలు. వెడల్పు పలకకు, గట్టి చెక్కకు అర మిల్లీమీటరు. మూడుసార్లు తోస్తే పోయేదేమీ లేదు.

ఇక తోయడం. మిషన్‌కు పక్కగా నిలబడండి, చెక్క వెనకాల సూటిగా కాదు. అది తన్నితే మీ పొట్టలోకి వస్తుంది. మొదట ముఖాన్ని చదును చేయండి. ఆ చదునైన ముఖాన్ని నిలువు ఫెన్స్‌కు ఆనించి అంచు కోయండి. అంతకు ముందు ఫెన్స్‌కూ బల్లకూ మధ్య గునియా పెట్టి మూల సరిచూడండి. మూల తప్పిన ఫెన్స్ మీద వంద అంచులు కోసినా తలుపు పలకల మధ్య వెలుతురు కనబడుతూనే ఉంటుంది. చెక్క ఒక అడుగు దాటగానే మీ ఒత్తిడి పుచ్చుకునే బల్ల మీదికి మారాలి. అక్కడ చదునుగా ఆనిన భాగమే మిగతాదాన్ని చదునుగా నడిపిస్తుంది. చెయ్యి బ్లాకు మీదుగా జరుపుకుంటూ పోకూడదు. ఎత్తి, దాటించి, అవతల పెట్టాలి. పలక ముఖం కోసేటప్పుడు రెండు చేతుల్లోనూ తోపుడు చెక్కలు ఉండాలి. కిందికి రబ్బరు అంటించి, వెనక చిన్న మడమ పెట్టి, పైన పిడి బిగిస్తే తోపుడు చెక్క అవుతుంది. ఈ శిక్షణలో మీరు చేసే మొదటి వస్తువు కుర్చీ కాదు, బల్ల కాదు. ఆ తోపుడు చెక్కల జతే.

12 అంగుళాల కన్నా పొట్టి ముక్కను ఈ మిషన్ మీద పెట్టకండి. చిన్న ముక్కలు కావాలంటే పొడవు కర్రను మొదట చదును చేసి, తర్వాత ముక్కలు కోయండి. మా అన్న ఆ రోజు ఆ నాలుగు ముక్కలనూ ఒకే కర్రగా ఉన్నప్పుడే చదును చేసి ఉండవచ్చు. ఆ ఆలోచనకు ఖర్చు లేదు. అప్పటికే తెగిపోయిన ముక్కయితే చేతి రంధాతో చిత్రిక పట్టండి. ఇంకొక మాట. ఈ మిషన్ రెండో ముఖాన్ని మొదటిదానికి సమాంతరంగా చేయలేదు. అందుకు మందం తీసే మిషన్ వేరే ఉంది. దీని మీద పలకను అటూ ఇటూ తిప్పి పలచన చేయాలని చూస్తే ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా మిగులుతుంది.

గార్డు రేకు. చెక్క వచ్చినంత మేరే పక్కకు జరిగి, చెక్క దాటగానే తిరిగి బ్లాకును కప్పాలి. దాని స్ప్రింగు బిగువుగా ఉందో లేదో రోజూ ఉదయం మిషన్ ఆగి ఉన్నప్పుడు చేత్తో జరిపి వదిలి చూడండి. తిరిగి రాకపోతే ఆ రోజు స్విచ్ వేయొద్దు.

సంరక్షణ గురించి చెబుతాను. పని అయ్యాక పొట్టును బ్రష్షుతో తుడవండి, చేత్తో కాదు. స్విచ్ ఆపినా బ్లాకు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ మౌనంలోనూ చేతులు తెగుతాయి. బల్లలకు జిగురు అంటితే కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరాక మైనం రుద్దండి. చెక్క తేలిగ్గా జారుతుంది, వానాకాలంలో తుప్పు పట్టదు. వారానికి ఒకసారి బెల్టు బిగువు, బోల్టులు చూడండి. చెక్క మీద పొడుగ్గా సన్నని గట్టులాంటి గీత వస్తోందంటే బ్లేడులో పెచ్చు లేచిందని గుర్తు. అత్యవసరమైతే ఒక బ్లేడును కొంచెం పక్కకు జరిపితే ఆ గీత పోతుంది. కానీ సాన పట్టే రోజు దగ్గరపడిందని తెలుసుకోండి.

బ్లేడ్లు మార్చేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, మెయిన్ తీసేయండి. ఫ్యూజు మీ జేబులో పెట్టుకోండి. ఒక్క బ్లేడుకే సాన పట్టించొద్దు. జత మొత్తం ఒకేసారి పట్టించాలి, బరువు సమంగా ఉండాలి. లేకపోతే బ్లాకు వణుకుతుంది, బేరింగులు పోతాయి. బిగించాక పుచ్చుకునే బల్ల మీద ఒక తిన్నని చెక్క పట్టీ పెట్టి, దాని కొస బ్లాకు మీదికి వచ్చేట్టు ఉంచి, బ్లాకును కోత దిక్కుకే చేత్తో తిప్పండి. బ్లేడు ఆ పట్టీని దాదాపు మూడు మిల్లీమీటర్లు తనతో లాక్కుపోవాలి. ఒక చివర, మరో చివర, మూడు బ్లేడ్లకూ అదే దూరం రావాలి. తర్వాత బోల్టులు ఒకేసారి కాకుండా వంతులవారీగా కొంచెం కొంచెం బిగించి, మళ్లీ సరిచూడండి. సరిగ్గా బిగించని బ్లేడు ఊడితే అది షెడ్డులో ఎవరికి తగులుతుందో చెప్పలేం.

కరెంటు విషయం. కరెంటు పోయినప్పుడు స్విచ్ ఆన్‌లోనే వదిలేస్తే తిరిగి వచ్చినప్పుడు మిషన్ తనంతట తానే తిరుగుతుంది. కరెంటు పోగానే దానంతట అదే పడిపోయే స్టార్టరు పెట్టించాలి. త్రీఫేజు లైను మరమ్మతు జరిగాక మొదటిసారి మిషన్ వేసేముందు చెక్క లేకుండా బ్లాకు ఎటు తిరుగుతోందో చూడండి. వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది.

గ్లౌజులు వేసుకోవద్దు, బ్లేడు గుడ్డను పట్టి చేతిని లాక్కుంటుంది. పొడవు చేతుల చొక్కా మడిచి, మెడలో తువాలు, చేతికి గడియారం, ఉంగరం తీసేసి రావాలి. కలప పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే కలప పొడిని క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. మాస్కు పెట్టుకోండి. మిషన్ చప్పుడుకు చెవుల్లో దూది చాలదు, చెవి కప్పులు కొనాలి.

ఇంత చేసినా దెబ్బ తగిలితే, అల్లాహ్ అలాంటి రోజు రానీయకుండా కాపాడుగాక, ఏం చేయాలో ఇప్పుడే నేర్చుకోండి. మిషన్ ఆపండి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి పట్టండి. కాఫీపొడి, పసుపు వేయొద్దు. తెగిన భాగాన్ని వెతకండి. మంచినీళ్లతో తేలిగ్గా కడిగి, తడి చేసిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టండి. ఆ కవరును ఐసు కలిపిన నీళ్లలో పెట్టండి. వేలిని నేరుగా ఐసు మీద పెడితే పాడైపోతుంది. 108కు ఫోన్ చేయండి. వేళ్లు అతికించే ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని ఆ నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. ఆ రోజు మా గోడ మీద ఆ నంబరు లేదు.

ఇలాంటివి జరిగినప్పుడు "రాసిపెట్టి ఉంది" అని మనవాళ్లు అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. విధిని నమ్మడం మన విశ్వాసం. కానీ ఒంటెను కట్టే హదీసు మనందరికీ తెలిసిందే. గార్డు విప్పేసి తవక్కుల్ అనడం, ఒంటెను విప్పేసి తవక్కుల్ అనడం లాంటిదే. జకరియ్యా ప్రవక్త వడ్రంగం చేశారని హదీసు చెబుతుంది. గౌరవమైన పని ఇది. దాన్ని నిర్లక్ష్యంగా చేయడం ఆ గౌరవానికి తగదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే, ప్రమాదకరమైన యంత్రం మీద పిల్లలను పెట్టేముందు దాని ప్రమాదాలు పూర్తిగా చెప్పాలని, తగిన శిక్షణ ఇవ్వాలని, లేదా అనుభవజ్ఞుడి పర్యవేక్షణ ఉండాలని రాశారు. ఆ చట్టం ఎక్కువమంది పనిచేసే చోట్ల కోసం ఉండేది. మన షెడ్లలో నలుగురో ఐదుగురో ఉంటారు. అక్కడికి తనిఖీకి ఎవరూ రారు. కనుక ఆ బాధ్యత మేస్త్రీది, మనది.

అందుకే కార్యవర్గానికి ఒక విన్నపం. మిషన్ కొనడంతో దానం పూర్తి కాలేదు. ఒక జత బ్లేడ్లు మిషన్‌లో, ఇంకో జత సాన పట్టి అరలో ఉండాలి. అప్పుడు "పూట మిషన్ ఆపాలి" అనే సాకు ఉండదు. సాన ఖర్చుకు, స్టార్టరుకు, మాస్కులకు ఏటా కొంత మొత్తం లెక్కల్లో విడిగా రాయండి. దాతల పేర్లు మిషన్ మీద రాయించేటప్పుడు పక్కనే "గార్డు లేకుండా స్విచ్ వేయరాదు" అని కూడా రాయించండి. ఎవరూ అభ్యంతరం చెప్పరనే అనుకుంటాను.

పిల్లలూ, రేపు ఉదయం మొదటి తరగతి. రేపు కరెంటు ఉండదు, నేనే మెయిన్ తీసేస్తాను. ఆగి ఉన్న మిషన్ మీద చెక్కను ఎలా పట్టాలో, చెయ్యి ఎక్కడ ఎత్తాలో వంద సార్లు చేయిస్తాను. నేర్పేది నేను కాదు, మా పెద్దన్న. ఆయనకు ఇప్పుడు అరవై దాటాయి. ఎడమచేత్తో చిన్న మేకు పట్టుకోలేడు, చొక్కా గుండీలు కుడిచేత్తోనే పెట్టుకుంటాడు. అయినా ఆయన తీసిన అంచుల మధ్య ఈ రోజుకీ వెలుతురు దూరదు. ఆయన్ను ఏమైనా అడగండి, చెబుతాడు. ఆ రేకు ఎవరు విప్పారని మాత్రం అడగొద్దు. అది నేను మీకు చెప్పేశాను.

అల్లాహ్ మీ చేతులకు పని, మీ పనికి బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.